అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది

సంపాదకులకు,

నాలుగు రోజుల విదేశీ విహారంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో చూడదగ్గ చోట్ల వివరాలు బాగున్నాయి. వీసా సంగతి మాత్రం ‘ముందే తీసుకోవాలి’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. రాత్రి వినోదానికి రంగుల ఫొటోలతో అర పేజీ ఇచ్చారు గానీ, ఆ క్లబ్బులు ఎన్నింటికి తెరుస్తారో, అక్కడి నుంచి గదికి ఎలా చేరాలో రాయలేదు. నెల రోజులు తిరిగేవాళ్లు ఒక రోజు పొరపడినా సర్దుకుంటారు. నాలుగు రోజుల్లో ఒక రోజు పోతే పావు వంతు ప్రయాణం పోయినట్టే. ఈ పొరపాట్లు చాలావరకు అర్ధరాత్రి దగ్గరే జరుగుతాయి.

టికెట్ మీద 15వ తేదీ 00:20 అని ఉంటే, 14 రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల విమానం అప్పటికి దాదాపు ఒక రోజు ముందే వెళ్లిపోయి ఉంటుంది. తెల్లవారుజామున రెండింటికి దిగేవాళ్లు గదిని ముందు రోజు తేదీతో తీసుకోవాలి. హోటల్ లెక్కలో ఆ రాత్రి నిన్నటిది. ఏ వేళకు వస్తారో హోటల్‌కు ముందే రాసి పెట్టకపోతే, రాలేదనుకుని గది ఇంకొకరికి ఇచ్చేసే ప్రమాదం ఉంది.

వీసాలో మూడు విషయాలు విడివిడిగా చదవాలి: చెల్లుబాటు తేదీలు, ఉండగలిగే రోజులు, ప్రవేశాల సంఖ్య. యూరప్‌లో 29 దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాతోనే గందరగోళం ఎక్కువ. అయిదు రోజులకు వీసా ఇచ్చినా, ప్రయాణం అటూ ఇటూ జరిగితే పనికొస్తుందని చెల్లుబాటుకు సాధారణంగా మరో 15 రోజులు కలుపుతారు. ఆఖరి తేదీ చూసి 20 రోజులు ఉండొచ్చనుకుంటే గడువు మీరినట్టే. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. రాత్రి 11:40కి ఇమిగ్రేషన్ దాటితే ఆ ఇరవై నిమిషాలూ ఒక పూర్తి రోజే. 2025 అక్టోబరు 12 నుంచి రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి మొదలైంది కాబట్టి, పాస్‌పోర్టులో మసకబారిన ముద్రను ఎవరూ పట్టించుకోరులే అన్న ధీమా ఇక చెల్లదు. అమెరికా తీరు వేరు. అక్కడ వీసా మీది ఆఖరి తేదీ గుమ్మం దాకా చేరడానికి గడువు మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో ఐ-94 అనే రాకపోకల నమోదులో ఉంటుంది.

ఒకే ప్రవేశానికి ఇచ్చిన షెంజెన్ వీసాతో పారిస్‌లో దిగి, ఒక రాత్రి లండన్ చూసి మళ్లీ పారిస్ రావడం కుదరదు. లండన్, డబ్లిన్, ఇస్తాంబుల్ ఆ పరిధిలో లేవు. బయటికి అడుగుపెట్టగానే ఆ వీసా పని అయిపోతుంది.

షెంజెన్ దరఖాస్తు ఎక్కువ రోజులు ఉండే దేశానికి పెట్టాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు తీసుకుంటారు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజులూ పట్టొచ్చు. పెద్దలకు 90 యూరోల రుసుము 2024 జూన్ నుంచి అమల్లో ఉంది. తిరస్కరించినా అది వెనక్కి రాదు. అందుకే వీసా చేతికి రాకముందు, రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని టికెట్ కొనకండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. దరఖాస్తు ఎక్కువగా దెబ్బతినేది కాగితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం వల్లే. సెలవు పత్రంలో ఒక తేదీ, హోటల్‌లో మరో తేదీ ఉంటాయి, బీమా తిరుగు ప్రయాణానికి ఒక రోజు ముందే ముగుస్తుంది. ఇక్కడా అర్ధరాత్రి విమానమే ముంచుతుంది.

పాస్‌పోర్టు గడువు చాలా దేశాలకు ఆరు నెలలు మిగిలి ఉండాలి. షెంజెన్‌కు తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలు చాలు గానీ, ఆ పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటకూడదు. వీటిని మొదట పరిశీలించేది పరాయి దేశపు అధికారి కాదు, చెకిన్ కౌంటర్లో కూర్చున్న మనిషి. సరైన పత్రాలు లేనివాళ్లను తీసుకెళ్తే జరిమానా పడేది విమాన సంస్థకే. అందుకే వాళ్లు ‘టైమాటిక్’ అనే నిబంధనల పట్టిక చూసి గాని బోర్డింగ్ పాస్ ఇవ్వరు. వాదించి లాభం లేదు. మధ్యలో విమానం మారేటప్పుడు రెండు టికెట్లు విడివిడిగా కొంటే, సామాను తీసుకుని మళ్లీ అప్పగించడానికి ఆ దేశంలోకి ప్రవేశించాల్సి రావచ్చు. అప్పుడు దానికీ వీసా కావాలి. అమెరికా మీదుగా వెళ్తే ఒకే టికెట్ అయినా ఇమిగ్రేషన్ దాటాల్సిందే.

ఇక రాత్రి సంగతి. మాడ్రిడ్‌లో రాత్రి పదింటికి క్లబ్బుకు వెళ్తే ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. సందడి రెండింటికి మొదలవుతుంది. కాలిఫోర్నియాలో అదే రెండింటికి మద్యం పోయడం ఆపేస్తారు. సింగపూర్‌లో రాత్రి 10:30 నుంచి ఉదయం 7 వరకు దుకాణాల్లో మద్యం అమ్మరు, బహిరంగ స్థలాల్లో తాగకూడదు. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో గుడ్‌ఫ్రైడే నాడు బహిరంగ నృత్యాలకు ఆంక్షలున్నాయి. ఈస్టర్ సెలవులు చూసుకుని వెళ్లినవాళ్లకు ఈ సంగతి తలుపు దగ్గరే తెలుస్తుంది. మద్యానికి కనీస వయసు అమెరికాలో 21, జపాన్, థాయిలాండ్‌లలో 20. వయసుకు రుజువుగా ఫోన్‌లో ఫొటో చూపిస్తే చాలాచోట్ల ఒప్పుకోరు. జపాన్‌లోనైతే విదేశీ పర్యాటకులు పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలన్నది చట్టమే. బెర్లిన్ క్లబ్బుల్లో ఫోన్ కెమెరాకు స్టిక్కర్ అంటిస్తే నొచ్చుకోకండి. లోపల ఫొటోలు తీయకూడదని అర్థం.

వెళ్లే దారి కన్నా తిరిగొచ్చే దారి ముందు చూసుకోవాలి. టోక్యోలో ఆఖరి రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో, మళ్లీ మొదటివి అయిదు ప్రాంతంలో. మధ్యలో ట్యాక్సీ బిల్లు ఆ రాత్రి సరదా ఖర్చును మించిపోవచ్చు. లండన్ మెట్రో శుక్ర, శనివారాల్లో మాత్రమే, అదీ కొన్ని మార్గాల్లోనే రాత్రంతా నడుస్తుంది. కోపెన్‌హాగన్ మెట్రోకు రాత్రీపగలూ తేడా లేదు. తక్కువ రోజులుండేవాళ్లు గది ధర ఒక్కటే చూడకుండా, ఆఖరి రైలు దాటిన తర్వాత నడిచి చేరగలరా అని చూస్తే మేలు.

దారిలో పరిచయమైన అపరిచితుడు ‘మంచి బార్ చూపిస్తా’ అంటే వెళ్లకండి. టోక్యో కబుకిచో, ఇస్తాంబుల్ తక్సిమ్ ప్రాంతాల్లో ఈ మోసం పాతదే. ధరల పట్టిక చూపించరు, చివర్లో బిల్లు గుండె ఆగేలా ఉంటుంది. కార్డు యంత్రం మీ దేశపు కరెన్సీనా, స్థానిక కరెన్సీనా అని అడిగితే స్థానికమే నొక్కండి. మొదటిదాంట్లో మారకపు రేటు వ్యాపారి వైపు వాళ్లు నిర్ణయిస్తారు. ఈ-సిగరెట్లు సింగపూర్, థాయిలాండ్‌లలో నిషిద్ధం, సంచిలో ఉన్నా తంటానే.

మీ వ్యాసంలో ఉచిత పానీయాల గురించి ఊరిస్తూ రాశారు. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషపూరిత ఆల్కహాల్ కలిసిన మద్యం తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. రుచిలో తేడా తెలియదు. శరీరం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. లక్షణాలు పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజు గడిచాక గాని బయటపడవు కాబట్టి మామూలు హ్యాంగోవరే అనుకుంటారు. చూపు మసకబారినా, మంచులో చూస్తున్నట్టు కనిపించినా నిద్రపోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లి, ఏం తాగారో చెప్పాలి. ఫోమెపిజోల్ అనే విరుగుడు ఉంది, డయాలసిస్ కూడా చేస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే చూపు దక్కే అవకాశం అంత ఎక్కువ. ఈ నాలుగు వాక్యాలకు ఆ ఫొటోల పక్కన చోటు ఉండాల్సింది.

ఇట్లు,
ప్రయాణ ఏర్పాట్లు చూసే ఒక పాఠకుడు