2024–25 వార్షిక నివేదిక: చెరువు కట్ట మీద ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘంలో బడిపంతుళ్లున్నారు, సాహిత్యం చదివినవాళ్లున్నారు, చరిత్ర, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం చెప్పి రిటైరైనవాళ్లున్నారు. ఇన్నాళ్లూ నెలకొకరు తమ విషయం మీద మాట్లాడేవారు, మిగతావాళ్లం మర్యాదగా విని, చాయ్ తాగి వెళ్లేవాళ్లం. ఈ ఏడు అందరం ఒకే పనిలో చేయి పెడదామని పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. ఎంచుకున్న పని చెరువు.

పాకాల, రామప్ప, లక్నవరం మన చుట్టూనే ఉన్నాయి. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించారని మన పిల్లలు పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. తమ ఊరి చెరువుకు మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) ఎటువైపు ఉందని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేకపోయారు. అందుకని ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ముందు చరిత్ర చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చెరువు మాటలు రాసుకు రమ్మన్నాం. కట్ట, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు... నోటుపుస్తకాలు నిండాయి. వాటిలో ‘నీరటికాడు’ (తూము తీసి పొలాలకు నీళ్లు వదిలేవాడు) అనే మాట మమ్మల్ని చాలా దూరం తీసుకెళ్లింది.

తెలుగు పంతులుకు అది నిఘంటువులో చేర్చాల్సిన మాట. అయితే ఆ పని ఎవరు చేసేవారు, కూలి ఏమిటి, తూము ఎప్పుడు తీయాలో ఎవరు చెప్పేవారు అని ఒక అమ్మాయి అడిగింది. దానికి జవాబు భాషలో లేదు. పంట ఇంటికొచ్చినప్పుడు గింజల్లో వాటా ఇచ్చేవారని, ఆ పని కొన్ని కుటుంబాలకే తరతరాలుగా ఉండేదని, వాళ్లలో ఎక్కువమంది దళితులని ఒక తాత చెప్పాడు. బోర్లు, కరెంటు మోటార్లు వచ్చాక ఎవరి నీళ్లు వాళ్లవయ్యాయి, నీరటికాడి పని పోయింది, కట్టను పట్టించుకునేవాళ్లూ తగ్గారు. 2015లో మిషన్ కాకతీయ అనే ప్రభుత్వ పథకం కింద చెరువుల పూడిక తీయడం ఎందుకు అవసరమైందో పిల్లలకు అప్పుడు అర్థమైంది. ఒక్క మాటను పట్టుకుపోతే కులం, కూలి, భూమి, సాంకేతికత అన్నీ బయటికొచ్చాయి. ఏ ఒక్క సబ్జెక్టు పీరియడ్‌లోనూ ఇది ఇమిడేది కాదు. ఈ ఏడు మనం చేసినవాటిలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది ఇదే.

జరిగిన తప్పు కూడా చెప్పాలి. మొదట మేం తయారుచేసిన ప్రశ్నల పత్రంలో ‘మీకు ఎంత భూమి ఉంది?’ అని ఉంది. పిల్లలు అది పట్టుకుని ఇళ్లకు వెళితే కొందరు ఏదో పథకం కోసమనుకుని ఉన్నది తగ్గించి చెప్పారు. ఒక ముసలమ్మ, ‘ఎందుకు రాసుకుంటున్నవ్ బిడ్డా, ఎవరికిస్తవ్?’ అని అడిగింది. పిల్లవాడి దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఆ పత్రం పక్కన పడేశాం. ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పడం, వద్దంటే లేచి రావడం, రాసుకున్నది వాళ్లకే చదివి వినిపించడం అనే మూడు పద్ధతులు సమాజశాస్త్రం చెప్పిన సభ్యులు పిల్లలకూ పంతుళ్లకూ కలిపే నేర్పారు. ఆ తర్వాత అదే ముసలమ్మ రెండు సాయంత్రాలు కూర్చుని నాట్ల పాటలు పాడింది.

బయ్యారం చెరువు శాసనం చూడటానికి ఒక రోజు వెళ్లాం. కాకతీయ రాజు గణపతిదేవుని చెల్లెలు మైలమ తవ్వించిన చెరువు అది. కాకతి అనే ఊరి నుంచి పాలించినందువల్ల ఆ వంశానికి ఆ పేరొచ్చిందని తెలిపే శాసనం ఇదే. చెరువు తవ్వించిన సంగతి చెక్కిన రాతిమీదే రాజవంశం పుట్టుక ఉండటం పిల్లలకు బాగా నచ్చింది.

జనవరిలో గోండుల ఊరు మార్లవాయికి ప్రయాణం. నిజాం మీద పోరాడిన గోండు నాయకుడు కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన అధ్యయనం నివేదికతో ఆగలేదు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. జనం బతుకును గమనించిన పరిశోధన వాళ్ల భాష మీదుగా వాళ్ల బడికి చేరింది. హైమెన్‌డార్ఫ్, బెట్టీ ఎలిజబెత్ దంపతుల సమాధులు ఆ ఊళ్లోనే ఉన్నాయి. అక్కడ నిలబడి మన పంతుళ్లు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సెప్టెంబర్ 9న కాళోజీ జయంతి ఎప్పటిలాగే జరిపాం. జమాఖర్చుల పత్రం ఈ నివేదికకు జతచేశాం, కోశాధికారి సభలో వివరిస్తారు.

ఒక బడిలో సిలబస్ వెనకబడుతుందని మధ్యలోనే మానేశారు. వాళ్ల ఇబ్బంది నిజమే. అందుకే వచ్చే ఏడు పని పరీక్షల నెలల్లో ఉండదు.

వచ్చే ఏడు నేత పని మీద పనిచేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1934లో మొదలై 2002లో మూతపడ్డ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు, వాళ్ల వయసు మన కోసం ఆగదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారినీ వాళ్ల కథ బొమ్మల పటంతో సహా పిలుద్దాం. మగ్గం మాటలు తెలిసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే నాలుగో ఆదివారం సమావేశానికి వాళ్లను వెంటబెట్టుకు రండి, తీసుకురావడానికి ఆటో మేం పంపుతాం.

– కార్యదర్శి, హనుమకొండ