సూరీ, నీ క్లోవర్ సంగతి

విశాఖపట్నం.

ఒరేయ్ సూరీ,

తేనె పెట్టెలు కొన్నావని విన్నప్పుడే అనుకున్నాను, ఇక పూల మీద పడతావని. సబ్బవరం తోటలో క్లోవర్ వేస్తావా! సూపర్‌మార్కెట్‌లో తేనె సీసా మీద ఆ పేరు చూసి మనసు పారేసుకున్నట్టున్నావు.

మంచి మొక్కే, కాదనను. చిక్కుడు జాతి, వేళ్ల బుడిపెల్లో నత్రజనిని పట్టి నేలకిస్తుంది. కానీ ఎర్ర క్లోవర్ పూగొట్టం పొడుగు, 9-10 మిల్లీమీటర్లు ఉంటుంది. నీ పెట్టెల్లోని పుట్ట తేనెటీగ నాలుక 5 మిల్లీమీటర్ల చుట్టూనే. అడుగున తేనె ఉన్నా అందదు పాపం. తెల్ల క్లోవర్ పూలు పొట్టివి, వాటికైతే అందుతుంది. కానీ దానికి చలి దేశం కావాలి, మన ఎండకు నిలవదు.

పాల రైతులు పశువుల మేతకు వేసే బర్సీమ్ కూడా క్లోవరే. పంజాబ్‌లో అక్టోబరులో చల్లి, కోత మీద కోత కోసి, ఎండాకాలం మొదట్లో విత్తనానికి వదిలేస్తారు. ఈగలకు పండగ అప్పుడే. మేతకు కోస్తూ పోతే పువ్వు రాదు, పువ్వుకు వదిలితే ఆ వేళకు మన దగ్గర నిప్పులు చెరిగే ఎండ. గేదెల కోసం చలికాలంలో కాస్త వేసుకో, ఈగల పేరు మాత్రం చెప్పకు. అంత సరదాగా ఉంటే లంబసింగి వైపు ఎవరి మడిలోనైనా చల్లి చూడు.

అయినా కొండ మీద వలిసెలు, అదే ఆ నూనెగింజల పంట, ఉండగా క్లోవర్ ఎందుకురా? నవంబరులో అరకు పసుపు పచ్చగా ఉంటుంది కదా, టూరిస్టులు ఫొటోలు దిగేది ఆ చేలల్లోనే. వలిసెకు పరపరాగం, అంటే వేరే మొక్క పుప్పొడి, కావాలి, ఈగలు తిరిగితే గింజ బాగా కడుతుంది. రైతులూ కాదనరు. చీకటి పడ్డాక ద్వారాలు మూసి పెట్టెలు వ్యాన్‌లో ఎక్కించెయ్.

నీ ఈగలకు అసలు కరువు వానాకాలంలో. వాన పడుతుంటే అవి గడప దాటవు, దాటినా పూలు తక్కువ, నువ్వేమో పంచదార పాకం పోస్తూ కూర్చోవాలి. కాబట్టి ఆ నెలల్లో పూసేలా నువ్వులు వెయ్యి, పుప్పొడికి మొక్కజొన్న. గట్ల మీద మునగ, కొబ్బరి. శీతాకాలానికి ధనియాలు, ఆవాలు. తర్వాత జీడిమామిడి ఎలాగూ పూస్తుంది.

మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు పక్కతోట వాళ్లు మందు కొడతారు చూడు, నాకు టెన్షనంతా దానిదే. సాయంత్రం ఈగలు గూటికి చేరాకే కొట్టమని ఇప్పుడే మంచి చేసుకో. ఒక తేనె సీసా ఇస్తే వింటారు. పెట్టెలు బెల్లం వండే పాకకు కూడా దూరంగా పెట్టు, లేకపోతే ఈగలు పాకంలో పడి చస్తాయి.

నువ్వుల విత్తనం నేను తెస్తాను. పెట్టె మూత తీసేటప్పుడు నీ నల్ల చొక్కా మాత్రం వేసుకోకు, ముదురు రంగు చూస్తే వాటికి ఒళ్లు మండుతుంది.

నీ
రాము