ముందు ఆ ముగ్గురితో తిరిగి రా

చిరంజీవి వసుధకు నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఒక రికార్డింగు కంపెనీ నీతో వెంటనే జాజ్ ఆల్బమ్ చేయిస్తానంటున్నదనీ, పాటల ఎంపిక, వాద్యబృందం, సంగీత అమరిక అన్నీ వాళ్ళే చూసుకుంటామంటున్నారనీ, సరిగ్గా అదే సమయానికి పియానో, బాస్, డ్రమ్స్ వాయించే నీ మిత్రులు ముగ్గురూ యూరప్‌లో చిన్న చిన్న క్లబ్బులు తిరిగి వద్దామని అడుగుతున్నారనీ రాశావు. రెండిటిలో ఏది ముందన్న ప్రశ్నకు మీ అమ్మ ఒక్క మాటలో జవాబు చెప్పేసింది. నాకు మాత్రం నాలుగు పేజీలు పట్టేట్టున్నాయి. స్టూడియోలో అద్దానికి ఇవతల కూర్చుని పాడేవాళ్ళ గొంతులు పట్టడమే బతుకుదెరువుగా ఉన్నవాణ్ణి కాబట్టి, ఇందులో సగం నాన్న మాట, సగం సౌండ్ ఇంజనీరు మాట అనుకుని చదువు. ముందు ఆ ముగ్గురితో తిరిగి రా. ఆల్బమ్ ఆ తర్వాత, వీలైతే ఆ ముగ్గురితోనే చెయ్యి.

నువ్వు పాడబోయే పాటల్లో ఎక్కువ భాగం ఇప్పటికే ఎందరో పాడి రికార్డు చేసినవే. వినేవాళ్ళకు వాటి మాటలు తెలుసు, వరస తెలుసు, ఎక్కడ మలుపు వస్తుందో కూడా తెలుసు. ఇక కొత్తగా వాళ్ళు వినడానికి మిగిలేది, ఆ పూట ఆ పాటను నువ్వూ నీ పక్కనున్నవాళ్ళూ కలిసి ఏం చేశారన్నదే. అందుకే జాజ్ గాయని విషయంలో గొంతు ఎంత బాగుందన్న ప్రశ్న కంటే, ఎవరితో పాడుతోంది, వాళ్ళను ఎంత వింటోంది అన్న ప్రశ్నే నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

అమెరికన్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956 నుంచి 1964 దాకా వెర్వ్ కంపెనీకి చేసిన సాంగ్‌బుక్ ఆల్బమ్‌లను, అంటే ఒక్కో పాటల రచయిత పాటలను ఒక్కచోట చేర్చి పాడినవాటిని, ఉదాహరణగా చూపి, వెనక పెద్ద ఆర్కెస్ట్రా ఉంటే పాటకు ఎంత నిండుదనం వస్తుందో చూడమన్నావు. కాదనను, గెర్ష్‌విన్ పాటలకు నెల్సన్ రిడిల్ కూర్చిన అమరిక అంటే నాకూ ప్రాణమే. అయితే ఆ ఆల్బమ్‌ల దగ్గరికి ఆమె ఏ దారిన వచ్చిందో కూడా చూడాలి కదా. 1934 నవంబరులో న్యూయార్క్‌ హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో ఔత్సాహికుల పోటీ గెలిచేనాటికి ఆమెకు 17 ఏళ్ళు. మరుసటి ఏడు డ్రమ్మర్ చిక్ వెబ్ బృందంలో చేరింది. 1939లో వెబ్ కన్నుమూస్తే ఆ బృందం ఆమె పేరు మీదనే 1942 వరకు నడిచింది. ఆ తర్వాత ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ బృందంతో ఊళ్ళు తిరుగుతూ, బీబాప్ అనే వేగమైన కొత్త తరహా జాజ్ వాయించేవాళ్ళు అప్పటికప్పుడు అల్లే స్వరాలను చెవితో పట్టి గొంతులోకి దింపుకుంది. మొదటి సాంగ్‌బుక్ నాటికి ఆమె వేదికల మీద ఇరవయ్యేళ్ళు గడిపిన మనిషి. అందుకే అంత పెద్ద ఆర్కెస్ట్రా ముందు కూడా ఆమె స్వేచ్ఛగా పాడగలిగింది. ఆ ఇరవయ్యేళ్ళ సంగతి వదిలేసి ఆ కంపెనీవాళ్ళు ఆర్కెస్ట్రాను మాత్రమే నీకివ్వజూపుతున్నారు.

1960 ఫిబ్రవరిలో బెర్లిన్ కచేరీలో ఏం జరిగిందో నీకు తెలిసిందే. ‘మాక్ ద నైఫ్’ పాట మధ్యలో ఆమెకు మాటలు గుర్తు రాలేదు. ఆగలేదు, మాటలు మరిచిపోయానన్న సంగతినే పాటలో కలిపి, అదే పాట పాడిన ట్రంపెట్ వాద్యకారుడు, గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతును అనుకరించి, చివరిదాకా లాక్కొచ్చింది. ఆ రికార్డింగుకు గ్రామీ వచ్చింది. అందరూ ఆమె సమయస్ఫూర్తిని మెచ్చుకుంటారు. నేను మాత్రం పాల్ స్మిత్ పియానో, జిమ్ హాల్ గిటార్, విల్‌ఫ్రెడ్ మిడిల్‌బ్రూక్స్ బాస్, గస్ జాన్సన్ డ్రమ్స్ విను అంటాను. నలుగురిలో ఒక్కరు తడబడినా ఆ పాట అక్కడే కూలిపోయేది. (1926లో ఆర్మ్‌స్ట్రాంగ్ పాట కాగితం చేజారి కింద పడితే అర్థంలేని అక్షరాలతో పాడాడనీ, స్కాట్ పాట అలా మొదలైందనీ ఒక కథ చెప్తుంటారు. నాకు ఆ కథ మీద పెద్దగా నమ్మకం లేదు. బెర్లిన్‌ది మాత్రం కథ కాదు, టేపు మీద ఉంది.)

పక్కవాద్యం పాటను ఎలా మోస్తుందో ఇంకా దగ్గరగా తెలుసుకోవాలంటే గాయని బిల్లీ హాలిడే దగ్గరికి వెళ్ళాలి. 1935 నుంచి పియానిస్టు టెడ్డీ విల్సన్ నాయకత్వంలో ఆమె పాడిన 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులకు ఒక వైపు నిడివి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు కూడా ఆమె ఒక్కతెవే కావు. ట్రంపెట్, క్లారినెట్, పియానో తలా కొంత పంచుకోగా మిగిలిన భాగం ఆమెది. 1937లో టెనర్ సాక్సఫోన్‌తో లెస్టర్ యంగ్ తోడయ్యాడు. ఆ రికార్డులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విను. ఆమె ఊపిరి తీసుకునే సందులోకి ఆయన వస్తాడు, మళ్ళీ మాట అందుకోగానే నెమ్మదించి వెనక్కి వెళ్తాడు. ఆమె కూడా తాళం మీద ఠంచనుగా పడకుండా కాస్త ఆలస్యంగా, సాక్సఫోన్ ఊదినట్టే పాడుతుంది. ఇద్దరిలో ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో నేను చెప్పలేను. 1957 డిసెంబరులో సీబీఎస్ టెలివిజన్‌లో ప్రసారమైన జాజ్ కార్యక్రమంలో వాళ్ళిద్దరూ మళ్ళీ కలిశారు. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగా చెడింది. తన వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, ఎక్కువ స్వరాలు వేయకుండా, ఒక్క ఆవృత్తం మాత్రం వాయించాడు. ఆమె ఆయన వైపే చూస్తూ, వింటూ, మెల్లగా తల ఊపుతూ ఉంటుంది. ఆ ముఖం చూడు తల్లీ. తన పాట లేని సమయంలో గాయని వేదిక మీద ఏం చెయ్యాలో అంతకంటే బాగా ఎవరూ చూపించలేదు.

ఇలాంటి జోడీలు ఇంకా చాలానే ఉన్నాయి. 1963 మార్చిలో సాక్సఫోన్‌తో జాన్ కోల్ట్రేన్, గొంతుతో జానీ హార్ట్‌మన్ కలిసి చేసిన ఆరు పాటలు, 1975లో గాయకుడు టోనీ బెనెట్ ఒక్క బిల్ ఎవాన్స్ పియానోతో పాడినవి నీ దగ్గరున్నవే. బొంబాయి నుంచి వెళ్ళిన ఆశా పుత్లి 1971లో సాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ దగ్గర పాడిన రెండు పాటలు కూడా విను. అంత కట్టుతెగిన సంగీతంలో గొంతు ఎక్కడ నిలబడుతుందో తెలుస్తుంది.

ఇక ప్రయాణాల సంగతి. కాలికి బలపం కట్టుకుని తిరగడమే ఈ వృత్తి; రికార్డు ఎంత బాగున్నా ఇల్లు గడిచేది కచేరీల మీదనే. ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్ళడమంటే నలుగురికి టిక్కెట్లు, నలుగురికి గదులు, పైగా డబుల్ బాస్‌ను విమానంలో ఎక్కించడం ఒక ప్రహసనం కాబట్టి చాలా చోట్ల దాన్ని అక్కడే అద్దెకు తీసుకోవాలి. ఈ ఖర్చుకు జడిసి చాలామంది గాయనులు ఒంటరిగా వెళ్ళి, ఏ ఊళ్ళో వాద్యకారులను ఆ ఊళ్ళోనే కుదుర్చుకుంటారు. ఎప్పుడో ఒకప్పుడు నీకూ అది తప్పదు. కాబట్టి ప్రతి పాటనూ నీ శ్రుతిలో రాయించి మూడేసి ప్రతులు సంచిలో పెట్టుకో; అచ్చు పుస్తకాల్లో ఉండే శ్రుతులు ఎక్కువగా వాద్యాలకు వీలైనవి, ఆడవాళ్ళ గొంతుకు చాలాసార్లు పొసగవు. మొదలు ఎన్ని బార్లు (తాళపు చుట్లు), సోలో ఎవరిది, ముగింపు ఎలా అన్నది కాగితం మీదే కనిపించాలి, ఎందుకంటే కచేరీకి ముందు సౌండ్ చెక్ పేరిట దొరికే గంటే మీ రిహార్సల్. కాలం ఎత్తి ఇవ్వాల్సింది కూడా నువ్వే. నోటికొచ్చిన వేగంతో ఒకటి రెండు అనకు. పాటలో మాటలు దట్టంగా ఉన్న వాక్యాన్ని మనసులో ఒకసారి పాడుకుని, అది ఏ నడకలో హాయిగా పలుకుతుందో ఆ నడకలో లెక్క ఇవ్వు. గాయని కాలం సరిగ్గా ఎత్తిందంటే ఎంత తలబిరుసు డ్రమ్మరైనా ఆ పూటకు ఆమె మాట వింటాడు.

డబ్బు విషయంలో భ్రమలు పెట్టుకోకు. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ 1935 నుంచి నడుస్తున్న క్లబ్బు, ఈ సంగీతానికి గుడిలాంటి చోటు. అది నేలమాళిగలో 123 మంది పట్టే గది మాత్రమే. పేరున్న చోటే అంతైతే మిగిలిన క్లబ్బుల రాబడి ఊహించుకో. వేసవిలో యూరప్‌లో జరిగే మాంట్రో, నార్త్ సీ లాంటి జాజ్ ఉత్సవాల్లో ఒకటి రెండు దొరికితే వాటిని మూలస్తంభాలుగా పెట్టుకుని, మధ్య రోజుల్లో చిన్న క్లబ్బులను ఇరికించి దారి వేసుకుంటారు అనుభవం ఉన్నవాళ్ళు. ఈసారి మీకు ఉత్సవం ఏదీ లేదు కాబట్టి మిగులు ఆశించవద్దు. అప్పు లేకుండా తిరిగి వస్తే చాలు.

గొంతు గురించి రెండే మాటలు. విమానంలో గాలి తేమ 20 శాతం కంటే కూడా తక్కువగా ఉంటుంది, దిగిన రోజే పాడే ఏర్పాటు పెట్టుకోకు. గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు. అది తప్పు, పూర్తిగా మౌనంగా ఉండు.

మూడో మాట ఒకటుంది, అది గొంతు గురించి కాదు. 1954 డిసెంబరులో గాయని శారా వాన్‌తో కలిసి ఒక ఆల్బమ్ చేసిన ట్రంపెట్ వాద్యకారుడు క్లిఫర్డ్ బ్రౌన్, 1956 జూన్‌లో ఒక కచేరీ నుంచి ఇంకో కచేరీకి రాత్రివేళ వానలో కారులో వెళ్తూ ప్రమాదంలో చనిపోయాడు. 25 ఏళ్ళు. అదే కారులో ఉన్న పియానిస్టు రిచీ పావెల్, ఆయన భార్య కూడా పోయారు. కచేరీ రెండో సెట్ (రెండో భాగం) ముగించి, వాద్యాలు సర్దుకుని, అర్ధరాత్రి దాటాక తరవాతి ఊరికి కారెక్కడం మీ వాళ్ళందరికీ అలవాటని నాకు తెలుసు. అది మీరు చెయ్యరు. ఆ రాత్రి గది అద్దె భారమనిపిస్తే నేను పంపిస్తాను.

ఇలా నెలలపాటు ఒకే పాటలను రకరకాల గదుల్లో, రకరకాల మనుషుల ముందు పాడి వచ్చాక స్టూడియోలోకి అడుగుపెట్టు. అప్పుడు పని ఎంత సుళువో నేను అద్దం ఇవతల నుంచి చాలాసార్లు చూశాను. ఒకరినొకరు ఎరగని బృందమైతే ముందు పియానో, బాస్, డ్రమ్స్ పట్టుకుని, గొంతును తర్వాత విడిగా పట్టుకుని, వాక్యానికో టేకు చొప్పున అతికిస్తాం. వినడానికి శుభ్రంగానే ఉంటుంది, కానీ నువ్వు ఆలస్యంగా అందుకున్న మాటకు పియానో జవాబు చెప్పదు, ఎందుకంటే పియానో నిన్నటిది. నీ బృందంతో వెళ్ళినప్పుడు ఒకరినొకరు చూసుకునేట్టు నిలబడనివ్వమని అడుగు. నీ గది వేరైనా మధ్యలో అద్దం ఉండాలి. హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి తప్పించి నీ గొంతును గదిలోనే విను. మైకుకు జానెడు దూరంలో, ముఖం కాస్త పక్కకు తిప్పి నిలబడితే ‘ప’, ‘బ’ అక్షరాల గాలి నేరుగా తగలదు. మూడు టేకుల్లో కుదరకపోతే ఆ పాట పక్కన పెట్టి ఇంకొకటి ఎత్తుకోండి. మొదటి టేకులో చిన్న దోషం ఉన్నా ప్రాణం ఉంటే దాన్నే ఉంచమని ఇంజనీరుతో పోట్లాడు. మావాళ్ళకు శుభ్రం మీద మోజెక్కువ.

చివరగా ఒప్పందం. బిల్లీ హాలిడేకు 1930లలో చేసిన ఆ రికార్డులకు గంపగుత్తగా కొంత సొమ్ము ఇచ్చారే తప్ప, తర్వాత అవి ఎన్ని అమ్ముడుపోయినా రాయల్టీ రాలేదు. ఈ రోజుల్లో రాయల్టీ ఉంటుంది గానీ, రికార్డింగు ఖర్చును నీ వాటాలోంచే మినహాయించుకునే షరతు సర్వసాధారణం. పెద్ద ఆర్కెస్ట్రా అంటే ఆ ఖర్చూ పెద్దదే. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు పాట రాసినవాళ్ళకు చెల్లిస్తాయి, పాడినవాళ్ళకు కాదు. నువ్వు పాడేవి ఇతరులు రాసినవి. డిజిటల్ రేడియో ద్వారా వచ్చే సొమ్ములో మాత్రం 50 శాతం మాస్టర్ (అసలు రికార్డింగు) హక్కు ఎవరిదో వాళ్ళకు, 45 శాతం ప్రధాన కళాకారులకు, 5 శాతం మిగిలిన వాద్యకారులకు వెళ్తుంది. మాస్టర్ నీదే అయితే మొదటి రెండు వాటాలూ నీవే. గాయని బెట్టీ కార్టర్, తనను కంపెనీలు పట్టించుకోని కాలంలో, 1970 ప్రాంతంలో, సొంతంగా కంపెనీ పెట్టి రికార్డులు వేసుకుంది. కుర్ర వాద్యకారులను వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగి, వాళ్ళను తీర్చిదిద్దింది. 1980ల చివర వెర్వ్ పిలిచినప్పుడు ఆమె కొత్త ఆల్బమ్‌తో పాటు ఆ పాతవాటినీ మళ్ళీ విడుదల చేశారు. 1988లో వచ్చిన ఆ కొత్త ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. వేచి ఉన్నందుకు ఆమె నష్టపోయిందని నేననుకోను.

కాబట్టి ఆ కంపెనీకి మర్యాదగా, తలుపు మూసెయ్యకుండా, ఏడాది గడువు అడుగుతూ రాయి. ఒప్పందం నకలు నాకు పంపు. మాస్టర్ హక్కు ఎవరిది, ఎన్ని ఆల్బమ్‌లకు కట్టుబడాలి, వాద్యకారుల ఎంపికలో నీ మాట చెల్లుతుందా అన్న మూడు చోట్లా గీత గీసి పంపు. మీ నలుగురూ రాబడి ఎలా పంచుకుంటారో బయల్దేరకముందే తేల్చుకుని కాగితం మీద పెట్టండి, స్నేహితులైనా సరే. పర్యటన ఊళ్ళ జాబితా సిద్ధం కాగానే, ఊరికీ ఊరికీ మధ్య ఎన్ని గంటల ప్రయాణమో పక్కనే రాసి పంపించు.

ప్రేమతో,
మీ నాన్న