ఒంటరిగా బండి మీద పోయేవాళ్లకు రాత్రి ఆగే చోటు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

బైకుల మీద ఒంటరిగా దూరాలు తిరిగేవాళ్ల గురించి ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. ఇదంతా కుర్రాళ్ల పిచ్చి, తల్లిదండ్రులు అదుపులో పెట్టుకోవాలి అన్నట్టుగా ఉంది. రాసినవాళ్ల భయం నాకు అర్థమవుతుంది, బండి ప్రమాదంలో పిల్లాడు పోయిన ఇల్లు ఎట్లా ఉంటుందో మా వీధిలోనూ చూశాం. కానీ బయల్దేరడమే తప్పన్నట్టు రాస్తే అసలు ప్రమాదం ఎక్కడుందో ఎవరూ చూడరు. నాకు తెలిసినంతలో అది దూరంలో లేదు, ఒంటరితనంలోనూ లేదు, పొద్దు గూకాక ఆగడానికి చోటు దొరక్కపోవడంలో ఉంది. ఈ ఉత్తరం దాని గురించే.

నాది జడ్చర్ల. బోరు మోటార్లు రివైండింగ్ చేసే షాపు నడుపుతాను. 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది, దేశంలో అన్నిటికంటే పొడవైన హైవే అదే, కిందికి పట్టుకుంటే కర్నూలు, బెంగళూరు, మదురై మీదుగా కన్యాకుమారి, పైకి పట్టుకుంటే నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ మీదుగా శ్రీనగర్. జేకే నంబరు ప్లేటున్న ఆపిల్ లారీలు బెంగళూరు వైపు పోతుంటే చూస్తూ పెరిగినవాణ్ని, ఆ రోడ్డు ఆ చివర ఎట్లుంటుందో చూడాలని ఉండదా? పైగా మా పాలమూరోళ్లకి దూరాలు కొత్తేం కాదు. ప్రాజెక్టుల మట్టి పనికి, కాలువల పనికి దేశమంతా తిరిగిన కూలీలు మా తాతలు, నాయనలే. నారాయణపేట, కోస్గి దిక్కు నుంచి ఇప్పటికీ ముంబై, పుణె పోతూనే ఉన్నారు. వాళ్లు పొట్ట కోసం పోయారు, నేను చూడాలని పోయాను, అంతే తేడా.

ఒకసారి కన్యాకుమారి దాకా, మొన్న నాట్లు అయిపోయి షాపులో పని పల్చబడ్డాక శ్రీనగర్ దాకా నా నూటపాతిక సీసీ బండి మీదే వెళ్లొచ్చాను. పెద్ద బండి కావాలని చాలామంది అనుకుంటారు, అక్కర్లేదు. చిన్న బండికి ఏ ఊళ్లో అయినా మెకానిక్ దొరుకుతాడు, క్లచ్ వైరు దొరుకుతుంది. ఐదొందల కిలోమీటర్లకోసారి చైనుకి ఆయిల్ పెట్టుకోవడం, పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవడం, ఒక పంక్చర్ కిట్టు, కాగితాలన్నీ ఫోన్లో డిజీలాకర్‌లో ఒక సెట్టు, సంచిలో ఒక సెట్టు, చాలావరకు ఇంతే. ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గాలంటే ఒక్క మాట చెబుతాను, మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకుని పోవాలి. హెల్మెట్ సంగతి నేను కొత్తగా చెప్పేదేం లేదు, 2022లో దేశంలో రోడ్ల మీద పోయిన 1,68,491 మందిలో 50,029 మంది హెల్మెట్ లేనివాళ్లని కేంద్ర రవాణా శాఖ నివేదికే చెప్పింది. అదే శాఖ నివేదికల్లో ఇంకో లెక్క కూడా ఉంటుంది. రోజు మొత్తంలో ప్రమాదాలు అన్నిటికంటే ఎక్కువ జరిగేది సాయంత్రం 6 నుంచి రాత్రి 9 మధ్యలో.

ఆ మూడు గంటలే నేను చెప్పేది. తెల్లారి ఐదింటికి బయల్దేరి సాయంత్రం ఐదింటికి బండి ఆపేస్తే ఎంత దూరమైనా హాయిగా పోవచ్చు. పెన్‌గంగ దాటి మహారాష్ట్రలోకి వెళ్లినా, సివ్‌నీ దగ్గర పెంచ్ అడవిలో జంతువులు కింది నుంచి దాటిపోవడానికి హైవేని పైకి లేపి కట్టిన చోట పోయినా, జమ్మూ దాటాక తొమ్మిది కిలోమీటర్లు దాటిన చెనానీ-నాశ్రీ సొరంగంలో దూరినా, పగటి పూట నాకు ఎక్కడా గుండె జారలేదు. భయమేసిందంతా చీకట్లోనే. చీకట్లో నడపాలని నేను ఎన్నడూ అనుకోలేదు, నడపాల్సి వచ్చింది.

ఎందుకంటే ఒంటరిగా వచ్చినవాడికి లాడ్జిలో రూమ్ ఇవ్వరు. తిరుగు ప్రయాణంలో మన రాష్ట్రంలోకి వచ్చాక, ఊరి పేరు వద్దుగానీ, హైవే పక్కన ఒక టౌన్‌లో ఐదున్నరకి ఆగాను. కౌంటర్‌లో ఉన్నాయన నా ఆధార్ కార్డు తీసుకుని తిప్పి చూశాడు, నా వెనక్కి చూశాడు, ఇంకెవరైనా వస్తున్నారేమో అని. "ఒక్కరేనా సార్?" అన్నాడు. ఒక్కణ్నే అన్నాను. కార్డు మళ్లీ నా ముందుకు జరిపి "సింగిల్‌కి ఇవ్వం సార్, ఓనర్ చెప్పిండు" అన్నాడు. ముందు డబ్బు కడతానన్నా, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడిస్తానన్నా అదే మాట. గోడ మీద తాళాలు వరసగా వేలాడుతూనే ఉన్నాయి. ఇంకో రెండు చోట్ల అడిగాను, అక్కడా అంతే. వాళ్ల భయం కూడా తెలిసిందే, ఒక్కడే వచ్చి గదిలో ఏదైనా అఘాయిత్యం చేసుకుంటే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సింది వాళ్లే. కానీ ఆ భయానికి విరుగుడు ఆ మనిషిని చీకట్లో హైవే మీదికి తోలడమా? అదే హర్యానాలో ఒక గురుద్వారాలో అయితే ఎక్కడి నుంచి వచ్చావని అడిగి, పేరు రాసుకుని, రెండు దుప్పట్లు చేతిలో పెట్టి "ముందు లంగర్‌లో తిను" అన్నారు. అక్కడ వాళ్లు ఇచ్చిన పప్పు, రొట్టె నేను మర్చిపోలేను.

ఆ టౌన్ దాటి ముందుకు పోయాక జరిగింది కూడా చెప్పాలి. నా స్పీడు యాభై మించి లేదు. ఎదురుగా వచ్చే బండ్ల హైబీమ్ కళ్లలో కొడుతోంది, నా లైటు ఆ వెలుగులో ఎటూ చాలడం లేదు. ఒక కారు నన్ను దాటుతుంటే దాని వెలుగులో రోడ్డు మీద వేప కొమ్మ ఒకటి కనపడింది, ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, దాని పక్కన మూడు రాళ్లు, ఆ వెనక సిమెంటు లోడుతో లారీ. టైరు పగిలి ఎడమ లేన్‌లోనే నిలబడిపోయింది. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కరు ఉండాల్సిన చోట మట్టి పేరుకుపోయి ఉంది. ఆ కారు రాకపోతే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. ఇట్లా ప్రమాదకరంగా బండి నిలపడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం నేరం. అయినా కొమ్మ, రాళ్లు పెడితే చాలని మన రోడ్ల మీద అందరూ అనుకుంటున్నారు. అట్లాంటి లారీ కనపడితే 1033కి ఫోన్ చేయండి, అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్. ఆ పూట నేను చేసిందీ అదే.

ఆ రాత్రి చివరికి ఒక పెట్రోల్ బంకులో పడుకున్నాను. సేలం వైపు పోయే లారీ క్లీనర్ కుర్రాడు, భాష రాదు, సైగలతోనే అడిగి లారీ పట్టా మడత ఒకటి నా కోసం పరిచాడు.

అక్కడ పడుకునే ఈ ఆలోచన చేశాను. లారీ డ్రైవర్లు నిద్ర లేక ప్రమాదాలు చేస్తున్నారని గుర్తించే కదా, హైవేల పక్క పెట్రోల్ బంకుల్లో అప్నా ఘర్ పేరుతో పడకలు, స్నానాల గదులు, వండుకునే చోటు ఏర్పాటు చేస్తున్నారు. చాలా మంచి పని. వాటిలో నాలుగు పడకలు టూవీలర్ మీద వచ్చేవాళ్లకి కూడా డబ్బు తీసుకునే ఇవ్వండి. ఊరికే ఇమ్మని అడగడం లేదు. మీరు టోల్ కట్టరు కదా, మీకెందుకు సౌకర్యాలు అని ఒకాయన నాతో వాదించాడు. జాతీయ రహదారుల మీద టూవీలర్లకి టోల్ లేదు, నిజమే. కానీ బండి కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్ కడుతున్నాం, పోయించుకునే ప్రతి లీటరు పెట్రోల్లో రోడ్డు సెస్సు కడుతున్నాం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి మమ్మల్ని రానివ్వరు, అది ప్రాణరక్షణ కోసమే అంటారు, ఒప్పుకుంటాం, శంషాబాద్ నుంచి మేడ్చల్ దాకా సిటీ ట్రాఫిక్‌లోనే పడి పోతాం. అదే ప్రాణం కోసం రాత్రి పడుకునే చోటు కూడా అడుగుతున్నాం.

లాడ్జిల విషయంలో కలెక్టర్లు, ఎస్పీలు ఒక్క సర్క్యులర్ ఇస్తే సగం సమస్య తీరుతుంది. గుర్తింపు కార్డు చూసి రిజిస్టర్‌లో రాసుకుని, ఇంటివాళ్ల నంబరుకి ఒకసారి ఫోన్ చేసి గది ఇవ్వండి, తర్వాత ఏదైనా జరిగితే మిమ్మల్ని వేధించం అని పోలీసులే చెప్పాలి. ఒంటరి మగవాడికే ఇట్లా ఉంటే ఒంటరి ఆడపిల్ల సంగతి ఏంటి? నల్లగొండలో మా చెల్లెలి కూతురు డిగ్రీ చదువుతోంది, బండి నాకంటే బాగా నడుపుతుంది. "మామా, నేను కూడా పోతా" అంటే వద్దనడానికి నా దగ్గర ఉన్న ఒకే ఒక కారణం ఈ లాడ్జి కౌంటరే.

ఇంకొక్కటి, ఇది మన దగ్గరే ఉన్న పని. ఆగే చోటు దొరక్క చీకట్లోనే వచ్చినవాడు హైవే దిగి చివరికి ఊరి రోడ్డు ఎక్కుతాడు. నేను తిరిగొచ్చేసరికి మా దగ్గర కోతలు నడుస్తున్నాయి. మా అమ్మగారి ఊరికి పోయే రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి, రాత్రి కాబట్టి కుప్ప చేసి నల్ల పట్టా కప్పి, బండ్లు ఎక్కకుండా చుట్టూ తలకాయంత రాళ్లు పెట్టారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, లైటు పడేదాకా కనపడదు. పాలమూరు, నల్లగొండ, వనపర్తి, సూర్యాపేట, ఎక్కడ చూసినా కోతలప్పుడు ఇదే పరిస్థితి. రైతుని నేను తప్పు పట్టను, మాదీ వ్యవసాయ కుటుంబమే. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు, ఆరబెట్టుకుందామంటే చాలామందికి కల్లం లేదు, ఇక రోడ్డు తప్ప ఏముంది? సిమెంటు కల్లాలు ఊరూరా కట్టాలి, దానికి టైం పడుతుంది. అందాకా ఆ రాళ్లకి, పట్టా అంచులకి రేడియం టేపు అంటించినా చాలు. కొనుగోలు కేంద్రంలో రైతుకి గన్నీ సంచులు ఇచ్చేటప్పుడే టేపు చుట్ట కూడా ఒకటి ఇవ్వమని మీ పత్రిక ద్వారా పౌర సరఫరాల శాఖని అడుగుతున్నాను. మా అమ్మగారి ఊరి వరకు టేపు నేనే కొనిస్తున్నాను, యాసంగి కోతలు మొదలయ్యేలోపు మిగతా ఊళ్లకి కూడా అందేలా మీరు గట్టిగా రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా