కొవ్వు సంగతి ఎవరు చెబుతారు?

సంపాదకుడు గారికి,

మధుమేహం గురించి ఆరోగ్య శిబిరాల్లోనూ పత్రికల్లోనూ వినిపించే సలహా ఎప్పుడూ ఒకటే: తీపి మానండి, నడవండి, రక్తంలో చక్కెర చూసుకోండి. మంచి సలహానే, కానీ అందులో సగం జబ్బు ప్రస్తావనే ఉండదు. టైప్ 2 మధుమేహంలో చక్కెరతో పాటు కొవ్వు కూడా అదుపు తప్పుతుంది. ఈ రోగుల మరణాలకు ప్రధాన కారణం గుండె, రక్తనాళాల జబ్బులే అయినప్పుడు ఆ మాట చెప్పకపోవడం చిన్న లోపం కాదు.

ఇన్సులిన్ పని చక్కెరను కణాల్లోకి పంపడమేనని చాలామంది నమ్మకం. కొవ్వు కణాల్లోని నిల్వలు అకారణంగా విడుదల కాకుండా ఆపేదీ అదే. కణాలు దాని మాట వినడం మానేశాక కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి వచ్చిపడి కాలేయానికి చేరతాయి. కాలేయం తీరు మరీ విచిత్రం. ఇన్సులిన్ చక్కెర తయారీ ఆపమంటే వినదు, కొవ్వు తయారు చేయమంటే మాత్రం వింటుంది! అవసరానికి మించి తిన్న పిండి పదార్థాల్లో కొంత భాగం అక్కడే కొవ్వుగా మారుతుంది. ఆ తయారీలో పుట్టే మలోనిల్ కోఏ అనే పదార్థం, కొవ్వు ఆమ్లాలు కణాల్లో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాలోకి వెళ్లి ఖర్చయ్యే దారిని మూసేస్తుంది. మెక్‌గ్యారీ, ఫాస్టర్ అనే శాస్త్రవేత్తలు 1977లోనే ఈ సంగతి బయటపెట్టారు. అలా పేరుకున్న కొవ్వు ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి వస్తుంది, మేలు చేసే హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్ తగ్గిపోతుంది.

ఇదంతా చక్కెర కొలిచే యంత్రానికి కనిపించదు. పండ్లలో ఉండే చక్కెర ఫ్రక్టోజ్‌నే తీసుకోండి. అది రక్తంలో గ్లూకోజ్‌ను పెద్దగా పెంచదు కాబట్టి ఒకప్పుడు మధుమేహులకు తగిన తీపిగా అమ్మారు. ఎక్కువగా తీసుకుంటే మాత్రం కాలేయంలో కొవ్వు తయారీని పెంచేది అదే. అలాగని కొవ్వు తినడం మానేస్తే చాలనుకోవడమూ పొరపాటే. మొత్తం ఎంత తింటున్నాం, ఏ రకం కొవ్వు తింటున్నాం అన్నవి రెండూ చూసుకోవాలి.

ఆహారంతో ఎంత మార్పు సాధ్యమో బ్రిటన్‌లోని డైరెక్ట్ అధ్యయనం 2017లో చూపింది. మధుమేహం బయటపడి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వారికి మధుమేహ మందులు ఆపి, మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారం ఇచ్చారు. ఏడాదికి 46 శాతం మందిలో మందులు లేకుండానే జబ్బు ఉపశమించింది. మామూలు చికిత్సలో ఉన్నవారిలో ఇది 4 శాతమే. 15 కిలోలు, అంతకు మించి తగ్గిన వారిలోనైతే 86 శాతం. కాలేయంలో, క్లోమంలో కొవ్వు తగ్గడమే ఇందుకు మూలమని పరిశోధకులు వివరించారు. రెండేళ్లకు ఆ 46 శాతం 36కి తగ్గిందన్నదీ దాచకూడదు. ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవారు వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఇలాంటి ఆహారానికి దిగితే ప్రాణం మీదికి రావచ్చు.

మధుమేహ శిబిరాల్లో చక్కెరతో పాటు ట్రైగ్లిజరైడ్లు, నడుము చుట్టుకొలత కూడా చూడాలి. ఆ అంకెలు దేనికి గుర్తో రోగికి అర్థమయ్యేలా చెప్పే పోషకాహార నిపుణులు ప్రతి మధుమేహ చికిత్సా కేంద్రంలోనూ ఉండాలి. మీ ఆరోగ్య పేజీలో మధుమేహంపై రాసే ప్రతిసారీ కొవ్వుకూ చోటివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జీవరసాయన శాస్త్ర అధ్యాపకురాలు