పత్తి లారీ, గ్రానైట్ లారీ, సరుకు విమానం

సంపాదకుడు గారికి,

నమస్కారం. పెద్ద సరుకు విమానాల విషయంలో బోయింగ్, ఎయిర్‌బస్ సంస్థల మధ్య నడుస్తున్న పోటీపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. బోయింగ్ 777-8ఎఫ్ 112 టన్నులు మోస్తుంది, ఎయిర్‌బస్ ఏ350ఎఫ్ 111 టన్నులు మోస్తుంది, కాబట్టి బోయింగ్‌దే పైచేయి అని వ్యాసకర్త ఒక్క టన్ను తేడాతో తీర్పు చెప్పేశారు. మన దేశం కూడా వెంటనే అలాంటివి కొనాలని చివర్లో సలహా ఇచ్చారు. బేగంపేటలోనూ ఆ తర్వాత శంషాబాద్‌లోనూ ఇరవై ఏళ్లకు పైగా కార్గో బుకింగులు చూసి రిటైరైనవాడిని. ఆ లెక్క చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన రోడ్ల మీద పత్తి లారీని అందరూ చూసే ఉంటారు. రెండు పక్కలా ఉబ్బిపోయి, తాళ్లు బిగించి, వెనక వచ్చే బండికి దారి కనపడనంత ఎత్తుగా వెళుతుంటుంది. కాటా మీద పెడితే మాత్రం పెద్దగా బరువు తూగదు. చీమకుర్తి నుంచి వచ్చే గ్రానైట్ లారీ మీద రెండే బండలుంటాయి. చుట్టూ బోలెడంత ఖాళీ, కానీ మూడో బండ పెట్టడానికి వీల్లేదు. మొదటి లారీకి చోటు చాలలేదు, రెండోదానికి మోసే శక్తి చాలలేదు. విమానం కూడా ఈ రెండింటిలో ఏదో ఒక హద్దు దగ్గరే ఆగిపోతుంది. అది ఏ హద్దో సరుకును బట్టి ఉంటుంది.

అందుకే మా వృత్తిలో తూకం ఒక్కటే చాలదు. ఘనపు మీటరు చోటుకు 167 కిలోల చొప్పున లెక్క కట్టి, అసలు తూకంతో పోల్చి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాం. దూది పరుపులు ఎగుమతి చేసే ఒకాయన కాటా చీటీ పట్టుకుని నా బల్ల ముందు అరగంట పోట్లాడారు. "నేను పంపేది పరుపులండీ, గాలి కాదు" అన్నారు. నిజానికి ఆయన పంపేది ఎక్కువగా గాలే. ఆ మాట పైకి అనలేదు, టీ తెప్పించాను.

ఇప్పుడు ఆకాశంలో తిరిగే సరుకులో ఆన్‌లైన్ అమ్మకాల పొట్లాల వాటా బాగా పెరిగింది. అవి పత్తి లారీ కోవలోకి వస్తాయి. ఇలాంటి సరుకు మోసేవాళ్లకు 111, 112 టన్నుల మధ్య తేడాతో పని లేదు, ఎన్ని ప్యాలెట్లు (సరుకు పేర్చి కట్టే పలకలు) పడతాయన్నదే ముఖ్యం. ఇజ్రాయెల్ సంస్థ ఐఏఐ పాత 777-300ఈఆర్ ప్రయాణికుల విమానాల సీట్లు పీకి, పక్కన పెద్ద తలుపు పెట్టి సరుకు విమానంగా మారుస్తోంది. అందులో 47 ప్యాలెట్లు పడతాయి. బోయింగ్ ఫ్యాక్టరీలోనే సరుకు కోసం తయారయ్యే 777ఎఫ్‌లో పట్టేవి 37. మోసే బరువు మాత్రం రెండింటికీ నూరు టన్నుల దరిదాపుల్లోనే. పొట్లాల వ్యాపారికి ఆ పది ప్యాలెట్లే లాభం. యంత్రాలు మోసేవాడికి వాటితో ఒరిగేదేమీ లేదు.

పెద్ద అంకె చూసి మోసపోకూడదనడానికి రెండంతస్తుల విమానం ఏ380 కథ ఒక్కటి చాలు. దాని సరుకు రకం 150 టన్నులు మోస్తుందని ఎయిర్‌బస్ చెప్పింది. అమెరికా పార్సిల్ సంస్థ ఫెడెక్స్ 10 విమానాలకు ఆర్డరిచ్చింది, దాని పోటీదారు యూపీఎస్ కూడా అంతే. ప్రయాణికుల రకంలోనే వైరింగ్ చిక్కుముడులు పడి గడువులు జరిగిపోతుంటే, 2006 నవంబరులో ఫెడెక్స్ ఆ ఆర్డరు రద్దు చేసుకుని 15 బోయింగ్ 777ఎఫ్‌లకు మళ్లింది. అవి మోసేది 102 టన్నులే. 2007లో యూపీఎస్ కూడా తప్పుకుంది. ఏ380 సరుకు విమానం ఒక్కటి కూడా తయారు కాలేదు. ఆలస్యం సంగతి అలా ఉంచితే, పై అంతస్తులోకి ప్యాలెట్ ఎత్తాలంటే దిగిన ప్రతి చోటా అంత ఎత్తుకు అందే లోడర్ కావాలి. షెడ్డులో పనిచేసిన నాకు మొదట తట్టిన సందేహం అదే.

ఇప్పటి కొనుగోళ్లు చూడండి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 7, క్యాథే పసిఫిక్ 6 ఏ350ఎఫ్‌లకు ఆర్డరిచ్చాయి. ఇద్దరి దగ్గరా ఏ350 ప్రయాణికుల విమానాలు ఇప్పటికే ఉన్నాయి. పైలట్లు, విడిభాగాలు, మెకానిక్కులు కలిసొస్తారు. 777ఎఫ్‌లు నడిపే లుఫ్తాన్సా కార్గో 777-8ఎఫ్ వైపు వెళ్లింది. అన్నీ 747లే ఉన్న లక్సెంబర్గ్ సంస్థ కార్గోలక్స్ కూడా 2022లో 777-8ఎఫ్‌నే ఎంచుకుంది. 777 ఒళ్లు కాస్త వెడల్పు, ఏ350 కాస్త తేలిక, కొంచెం ఎక్కువ దూరం వెళుతుంది. ఇక ఖతార్ ఎయిర్‌వేస్ 34 విమానాల ఆర్డరుతో 777-8ఎఫ్‌కు తొలి కొనుగోలుదారు అయిన 2022 జనవరి నాటికి, ఏ350ల రంగు పెచ్చులూడుతోందని ఎయిర్‌బస్‌తో లండన్ కోర్టులో కొట్లాడుతోంది. కాబట్టి ప్రతి ఆర్డరు వెనకా లెక్కల పుస్తకమే ఉందనుకోనక్కర్లేదు.

వ్యాసకర్త అసలు ముట్టుకోని విషయం ఇంకొకటి ఉంది. ఆ రెండు విమానాల్లో ఏదీ ఇంకా ఎవరి చేతికీ రాలేదు. ఏ350ఎఫ్ మొదట 2025కు వస్తుందన్నారు, ఇప్పుడు 2027 రెండో సగం అంటున్నారు. 777-8ఎఫ్ రావాలంటే ముందు దాని అన్నలాంటి ప్రయాణికుల విమానం 777-9 రావాలి. 2020లో రావలసిన అదే 2027కు జరిగింది. మరోపక్క 2028 జనవరి 1 నుంచి అంతర్జాతీయ కర్బన నిబంధన ప్రకారం ఇప్పటి 777ఎఫ్‌ను కొత్తగా తయారు చేయడానికి వీల్లేదు. అందుకే 2025 డిసెంబరులో బోయింగ్ మరో 35 విమానాలకు మినహాయింపు కావాలని అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థను కోరింది. 747 తయారీ ఆగిపోయింది, చివరిది 2023 జనవరి 31న అట్లాస్ ఎయిర్‌కు వెళ్లింది. ముక్కు పైకెత్తి పొడవాటి సరుకును నేరుగా మింగే విమానం మళ్లీ రాదు. 777కు గానీ ఏ350కి గానీ ఆ ముక్కు తలుపు లేదు. 2025 నవంబరులో అమెరికాలోని లూయీవిల్‌లో టేకాఫ్ సమయంలోనే ఎడమ ఎంజిను ఊడిపోయి యూపీఎస్ వారి పాత సరుకు విమానం ఎండీ-11 కూలాక, ఆ రకం విమానాలను నేల మీద నిలిపేశారు.

ఈ పెద్ద సరుకు విమానాల కొరతతో మనకు పనేమిటని కొందరికి అనిపించవచ్చు. 2021 జూన్ 1న హైదరాబాద్‌కు రష్యా నుంచి 56.6 టన్నుల స్పుత్నిక్ టీకాలు వచ్చాయి. మైనస్ 20 డిగ్రీల చలిలో భద్రపరచాల్సిన సరుకు అది. తెచ్చింది రష్యా సంస్థ విమానం. ఏడాది తిరక్కముందే ఉక్రెయిన్ యుద్ధం, ఆంక్షల దెబ్బకు ఆ సంస్థ సర్వీసులు నిలిచిపోయాయి. మన మందుల కంపెనీలు విదేశాలకు సరుకు పంపేది విదేశీ సరుకు విమానాల్లో, లేకపోతే ప్రయాణికుల విమానాల పొట్టలో. మన సంస్థలు నడిపే సరుకు విమానాలు దాదాపు అన్నీ ఒకే నడవ ఉన్న చిన్నవి. ఇండిగో ఏ321 మోసేది 27 టన్నులు.

పెద్దవి నడిపే ప్రయత్నం మనం చేయలేదని కాదు. ఎయిరిండియా తన పాత ఏ310లను సరుకు విమానాలుగా మార్పించి, కొన్నాళ్లు నడిపి ఆపేసింది. కెప్టెన్ గోపీనాథ్ స్థాపించిన సరుకు రవాణా సంస్థ దక్కన్ 360 అదే రకం విమానాలతో 2009లో మొదలై 2011లో మూతపడింది. విమానంలో లోపం ఉందనలేం. అదే ఏ310ని ఫెడెక్స్ 2020 దాకా నడిపింది. ఫెడెక్స్‌కు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్యాలెట్లు నిండేవి; మనవాళ్లకు ఆ భాగ్యం లేదు. తిరుగు సరుకు లేని లారీ యజమాని గతి ఏమవుతుందో ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు.

కాబట్టి కోట్లు పోసి 777-8ఎఫ్, ఏ350ఎఫ్ వరసలో మనం కూడా నిలబడాలనడం నాకు నచ్చలేదు. ఎయిరిండియా దగ్గర 777-300ఈఆర్‌లు ఉన్నాయి. 777ఎక్స్‌లు, ఏ350-1000లు వచ్చేకొద్దీ అవి పక్కకు తప్పుకోవాలి. అమ్మేసే ముందు నాలుగైదింటినైనా సరుకు విమానాలుగా మారిస్తే ఎంత ఖర్చవుతుందో, ఏ దారిలో రెండువైపులా నిండుతాయో ఎవరైనా కూర్చుని లెక్క కట్టారా? పైలట్లు, మెకానిక్కులు ఇప్పటికే ఉన్నారు. 737లను ఇలా మార్చే పని శంషాబాద్‌లోని జీఎంఆర్ ఏరోటెక్నిక్‌లో చేయిస్తామని 2023లో బోయింగే ప్రకటించింది. 777 అంతకన్నా చాలా పెద్ద పని, ఒప్పుకుంటాను. మొదటి రెండు విమానాలనూ విదేశాల్లోనే మార్పించాల్సి రావచ్చు.

పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం మనిషి. 2030కల్లా ఏడాదికి కోటి టన్నుల విమాన సరుకు అనే లక్ష్యం వారి శాఖదే. ఆ కోటిలో మన సొంత పెద్ద విమానాలు మోసేది ఎంత ఉండాలనుకుంటున్నారో, పాత 777ల గురించి ఎయిరిండియాతో మాట్లాడారో లేదో మీ ఢిల్లీ విలేకరి ద్వారా అడిగించగలరని కోరుతున్నాను. జవాబు వస్తే, అనుకూలమైనా కాకపోయినా, ఇదే శీర్షికలో ప్రచురించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కార్గో ఉద్యోగి,
హైదరాబాద్