ఇల్లు అమ్మి పడవ కొనే ముందు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఉద్యోగాలు వదిలి, ఇల్లు అమ్మి, తెరచాప పడవ కొనుక్కుని అందులోనే కాపురం ఉంటూ దేశదేశాలు తిరుగుతున్న కుటుంబాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం మా ఇంట్లో పెద్ద చర్చనే లేవదీసింది. అమెరికాలో హ్యూస్టన్‌ దగ్గర ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు సరిగ్గా ఇదే ఆలోచనలో ఉండటం అందుకు కారణం. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మా మిర్యాలగూడ వైపు తక్కువేమీ కావు కనుక, బ్యాంకులో అప్పుల దరఖాస్తులు పరిశీలించి రిటైరైన మనిషిగా నాకు తోచింది మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

కథనం ఆసాంతం ధైర్యం చుట్టూ తిరిగింది. ధైర్యానికి మనవాళ్లలో కొదవ లేదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’ అనే తెరచాప పడవ మీద బయల్దేరి, భూగోళం చుట్టి 2018 మేలో తిరిగొచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో మన హైదరాబాద్‌ ఆడపడుచు బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. అయితే ఆ పడవ సర్కారుది, వెనక నౌకాదళం ఉంది, నెల తిరిగేసరికి జీతం పడుతుంది. సొంత డబ్బుతో వెళ్లే సంసారికి ఈ మూడూ ఉండవు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది పాస్‌పోర్టు సంగతి. మీ కథనంలో దాని ఊసే లేదు. హెచ్‌-1బీ వీసా మీద ఉన్నవారు ఉద్యోగం మానేస్తే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో, సామాను సర్దుకోవడానికో దొరికే గడువు మహా అయితే 60 రోజులు. గ్రీన్‌ కార్డు చేతిలో ఉన్నా, తిరిగి రావడానికి ముందుగా అనుమతి (రీఎంట్రీ పర్మిట్‌) తీసుకోకుండా ఏడాది దాటి బయట తిరిగితే ఆ కార్డుకే ఎసరు వస్తుంది. ఆరు నెలలు దాటినా పౌరసత్వం దరఖాస్తు దగ్గర సంజాయిషీ చెప్పుకోవాలి. ఐరోపా తీరాలకు వెళదామంటే ఒకే వీసా చెల్లే షెంగెన్‌ దేశాలన్నిటికీ కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండనిస్తారు, మనవాళ్లు ఆ వీసా ముందే తీసుకోవాలి. వీసా మీద తేదీలుంటాయి. తెరచాప పడవేమో గాలి కుదిరితే ఈ వారం, కుదరకపోతే పై వారం బయల్దేరుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదర్చడం మన పాస్‌పోర్టు ఉన్నవారికి తుపానును తప్పించుకోవడం కంటే కష్టమని నా అభిప్రాయం.

రెండోది డబ్బు. బోరుకు అప్పు అడగడానికి వచ్చిన రైతును, బోరు వేయడానికి ఎంతవుతుందని కాదు, మోటారు కాలిపోయిన రోజున చేతిలో ఏముంటుందని అడిగేవాణ్ణి. పడవకూ అదే ప్రశ్న. పడవ ధరలో ఏటా పదో వంతు నిర్వహణకు తీసి పెట్టుకోవాలని ఆ రంగంలో ఉన్నవారు చెప్పే లెక్క. పాత పడవ చవగ్గా వచ్చిందని సంబరపడితే ఈ లెక్క కూడా చాలదు, ఎందుకంటే తెరచాపల ధర, తెరచాప కొయ్యను నిలబెట్టే స్టీలు తీగల ధర పడవ పాతదని తగ్గవు. ఆ తీగలు పైకి నిగనిగలాడుతున్నా పది, పదిహేనేళ్లకు మార్చమని బీమా కంపెనీలు అడుగుతాయి. ఏడాదికో రెండేళ్లకో పడవను క్రేనుతో ఒడ్డుకు ఎత్తించి, అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకించి మళ్లీ రంగు వేయించాలి. ఇల్లు కూర్చున్నచోటే విలువ పెరుగుతుంది, పడవ కట్టేసి ఉంచినా తరిగిపోతుంది.

బీమా మాట వచ్చింది కనుక ఇంకొకటి. అట్లాంటిక్‌లో హరికేన్లనే పెనుతుపాన్ల కాలం జూన్‌ నుంచి నవంబరు చివరి దాకా. ఆ ఆరు నెలలూ పడవ తుపాన్లు వచ్చే ఫలానా హద్దు దాటి బయట ఉంటేనే నష్టం చెల్లిస్తామని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. అందుకే కరీబియన్‌లో తిరిగేవాళ్లు ఎక్కువమంది దక్షిణాన గ్రెనడా అనే ద్వీప దేశం వైపు దిగిపోతారు. 2024 జూలై 1న బెరిల్‌ హరికేన్‌ ఆ దేశానికి చెందిన కారియకూ దీవి మీదే విరుచుకుపడింది. మడ అడవుల చాటున భద్రంగా ఉంటాయని కట్టేసుకున్న పడవలు ఒకదాని మీద ఒకటి పడి ధ్వంసమయ్యాయి.

పోయిన వేసవిలో మేం అమెరికా వెళ్లినప్పుడు పిల్లలు గాల్వెస్టన్‌ అఖాతంలో ఒక పడవ అద్దెకు తీసుకున్నారు. వంట పొయ్యిని రెండు వైపులా ఇరుసుల మీద వేలాడదీశారు. పడవ ఎంత ఒరిగినా గిన్నె నిటారుగానే ఉంటుంది. తొట్టిలో మంచినీళ్లు తరిగిపోతుంటే బియ్యం కడిగిన నీళ్లు పారబోయడానికి మా ఆవిడకు చేయి రాలేదు, ఫ్లోరైడ్‌ జిల్లాలో కాపురం చేసిన మనిషి కదా. ఉప్పునీటిని మంచినీళ్లుగా మార్చే యంత్రం సముద్ర పడవల్లో పెట్టుకుంటారట. మన ఊళ్లలోని నీళ్ల ప్లాంటు పద్ధతే, కాకపోతే ఒత్తిడి చాలా ఎక్కువ కావాలి, దానికి కరెంటు పడవలోనే పుట్టించుకోవాలి. అసలు విశేషం వేరే ఉంది: పడవ కల అల్లుడిది, గంటసేపటికే వాంతులతో పడుకున్నదీ ఆయనే, చుక్కాని పట్టింది మా అమ్మాయి.

దీన్ని నవ్వుకుని వదిలేయలేం. అట్లాంటిక్‌ దాటాలంటే, ఆఫ్రికా పక్కనున్న కానరీ దీవుల నుంచి కరీబియన్‌కు దాదాపు 2,700 నాటికల్‌ (సముద్ర) మైళ్లు. గంటకు ఐదు నాటికల్‌ మైళ్ల చొప్పున మూడు వారాలు దాటుతుంది. అంతర్జాతీయ సముద్ర నియమాల ప్రకారం రాత్రింబగళ్లు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిందే. ఇద్దరే ఉన్న పడవలో ఒకరు మంచం పడితే రెండోవారు ఒంటరిగా నడపగలగాలి. ఒకరి మోజుకు ఇంకొకరు తలూపి బయల్దేరే ప్రయాణం కాదిది.

నేను వద్దనడం లేదు. ఇల్లు అద్దెకిచ్చి, వీలైతే జీతం లేని సెలవు పెట్టి, ముందు అద్దె పడవలోనో, అనుభవమున్నవారి పడవలో సిబ్బందిగానో ఒక సీజను తిరిగి రమ్మంటున్నాను. మాకు వయసు మీద పడిందన్న కారణం చూపి వారిని ఆపడం నాకిష్టం లేదు గానీ, కబురు అందిన ఎన్నాళ్లకు ఇల్లు చేరగలరో మాత్రం ముందే చెప్పమన్నాను.

మీరు ఈ విషయంపై మళ్లీ రాస్తే, పడవ అమ్ముకుని ఒడ్డుకు వచ్చేసిన కుటుంబాలతో కూడా మాట్లాడించి, ఎంత పెట్టి కొన్నారో, ఎంతకు అమ్మారో వేయవలసిందిగా కోరుతున్నాను. మా పిల్లలు ఇంటి అమ్మకాన్ని ఉగాది దాకా వాయిదా వేశారు. ఆలోగా వస్తే మాకూ పనికొస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు అధికారి,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా